రెండు వందల పద్నాలుగు ఊపిర్లు

మార్చి 4

అక్క తన కుట్టుషాపులో కొలతలు రాసుకునే పాత పుస్తకం ఇది. సగం ఖాళీగానే ఉంది. "ఆ కోపమేదో ఇందులో కక్కు. నా చెవులకి కాస్త విశ్రాంతి," అంటూ నా మీదకి విసిరింది. ఈ పేజీ పైన ఎవరిదో ఛాతీ ముప్పై ఎనిమిది, చెయ్యి పద్దెనిమిది అని ఉంది. దాని కింద నుంచి రాస్తున్నాను.

ఇవాళ ఓనరు నన్ను పిలిచి తలుపు వేయమన్నాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. కాదు. కొత్త ఆల్బం వచ్చిందట. పదకొండు తత్వాలు. ఆల్బం పేరు 'ఏదీ నిలవదు'. స్టూడియోలో ఇంజనీరు మానేసి నెల దాటింది. కొత్తవాడు దొరకలేదు.

"మొత్తం నువ్వే చేసెయ్ రా," అన్నాడు. "రికార్డింగూ నువ్వే, ఎడిటింగూ నువ్వే. కవర్ మీద నీ పేరు వేయిస్తా."

మూడేళ్ళుగా ఇక్కడ వైర్లు చుట్టాను, మైకులు తుడిచాను. పని ఎవరూ నేర్పలేదు. ఇంజనీరు భోజనానికి లేచినప్పుడల్లా ఆయన కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేదు. ఏ స్టూడియోకి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే, దేని మీదైనా నీ పేరుందా అని. లేదు. ఒక్క కవర్ మీద పడితే చాలు, ఆ ప్రశ్న పీడ వదులుతుంది.

అక్కకి చెప్పాను. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉంది. "చూద్దాం," అంది వాటి సందులోంచి. షాపుకి వచ్చినవాళ్ళు మీ తమ్ముడు ఏం చేస్తాడని అడిగితే "వైర్లు చుడతాడు" అంటుంది. నా ఎదురుగానే.

మార్చి 6

గాయకుడు వచ్చాడు. అందరూ గురువుగారూ అంటున్నారు. మొదటి పాట నీటిబుడగ మీద. మనిషి బుడగట, గాలి తగిలితే పోతాడట. అందుకని ఈ పుస్తకం వరకూ ఆయన బుడగ. బయట గురువుగారే.

బుడగకి ఏసీ వేస్తే చలి, ఆపితే ఉక్క. కుర్చీ గట్టిగా ఉందన్నాడు. మెత్తది వేస్తే కిర్రుమంటోందన్నాడు. మైకు ఆయన పొడుగుకి సరిపోయేలా నేనే ఏడుసార్లు మార్చాను. ఎనిమిదోసారి మొదటి చోటికే వచ్చింది. "ఆ, ఇప్పుడు బాగుంది," అన్నాడు.

పక్కన ఒంటితీగ తంబురా వాయించే తాత ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా బుడగ పక్కనే వాయిస్తున్నాడట. ఏ కుర్చీ వేస్తే దాంట్లో కూర్చున్నాడు.

'ఏదీ నిలవదు' అనే ముక్క ఒక్కటీ నలభై ఒక్కసార్లు పాడాడు బుడగ. చివరి అక్షరం సరిగ్గా నిలవడం లేదట. ముప్పై మూడోసారికి తాత నాకేసి చూసి కన్ను కొట్టాడు.

"బాగా రానివన్నీ నా ముందే చెరిపెయ్," అన్నాడు బుడగ. "నా తప్పు ఒక్కటి కూడా ఎక్కడా మిగలకూడదు." నలభై చెరిపాను. పక్కన నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాడు. మిగిలినదాన్ని మూడు చోట్ల భద్రం చేయమన్నాడు. ఒకటి చెడిపోయినా ఇంకో రెండు ఉండాలట. వందేళ్ళ తర్వాత కూడా జనం వినాలట, ఏదీ నిలవదని.

మార్చి 7

నాకు పేరు పిచ్చి లేదు. ఇచ్చిన మాట మాటే కదా అని, అంతే.

మార్చి 13

పదకొండూ అయ్యాయి. బుడగ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. మొదటి పాట సగంలోనే మొహం చిట్లించాడు.

"లైనుకీ లైనుకీ మధ్య ఏదో శబ్దం. ఏంటది?"

"మీ ఊపిరండి."

"తీసెయ్."

"కొంచెం తగ్గిస్తానండి. పూర్తిగా తీసేస్తే..."

"ఊపిరి శరీరానిది నాయనా. పాట ఆత్మది. శరీరం వినపడకూడదు." అక్కడితో ఆగితే బాగుండేది. ఓనరు వైపు తిరిగి, "ఈ వైర్ల అబ్బాయి తప్ప మీ దగ్గర ఇంజనీరెవరూ లేరా?" అన్నాడు.

ఓనరు నవ్వాడు. అవుననీ కాదు, కాదనీ కాదు. పళ్ళు కనపడ్డాయి అంతే.

వైర్ల అబ్బాయి. సరే.

మార్చి 16

మూడు రోజులు ఊపిర్లు కోశాను. తెర మీద పాట కొండల వరసలా కనపడుతుంది. కొండకీ కొండకీ మధ్య చిన్న పొదలా ఉండేది ఊపిరి. దాన్ని మొదలంటా పట్టుకుని కోయాలి. లెక్కపెట్టాను, రెండు వందల పద్నాలుగు.

కోసిన ముక్కల్ని ఆల్బం బయటికి వెళ్ళేదాకా ఒక మూల ఉంచాలని మానేసిన ఇంజనీరు అంటుండేవాడు. ఒక్కొక్కటి కోస్తుంటే వైర్ల అబ్బాయి, వైర్ల అబ్బాయి అని చెవిలో మోగింది. చివరిది కోశాక మొత్తం తీసుకెళ్ళి చెత్తబుట్టలో పారేసి, ఆ బుట్టనీ ఖాళీ చేశాను. చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది.

బుడగ కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇదీ," అన్నాడు. "మూడు చోట్లా పాతవి తీసేసి ఇదే పెట్టు." పెట్టాను. రేపటి నుంచి ఆయన తొమ్మిది రోజులు మౌనంలో ఉంటాడట. ఫోన్ కూడా ఎత్తడట.

నాకు చెప్పలేదు కానీ, పని బాగుందని మొహంలో తెలిసింది. నేను చూశాను.

మార్చి 19

అక్కకి వినిపించాను. మిషను తొక్కుతూ వింది. రెండో పాట మధ్యలో కాలు ఆగిపోయింది.

"ఈయన ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడ్రా?"

"తీసుకోడు. అదే గొప్ప."

"నాకు ఆడట్లేదు." మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంది. "కాలరు బిగుసుకున్నట్టుంది. ఆపెయ్."

"నీకేం తెలుసు సంగీతం?"

"సంగీతం తెలీదు. చంకలో వదులు లేకుండా కుడితే, ఎంత మంచి గుడ్డయినా వేసుకున్నవాడు చెయ్యెత్తలేడు. అది తెలుసు."

పాట ఆపేశాను. "ఇదిగో, మొదలెట్టాడు బుసగాడు," అంది. చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. కోపమొస్తే ముక్కుతో బుస కొడతానట. షాపు వెనక తెర అవతల పడుకున్నా తనకి వినపడుతుందట. అబద్ధం.

మార్చి 20

ఓనరు విన్నాడు. నాలుగో పాటకి చొక్కా పై గుండీ తీశాడు. ఆరో పాటకి లేచి కిటికీ తెరిచాడు.

"ఏదో ఇరుగ్గా ఉందిరా. ఊపిర్లు కొన్ని వెనక్కి పెట్టు. ఆయన మౌనంలోంచి లేచాక నేను సర్దిచెప్పుకుంటా."

"అలాగే సార్."

"ఉంచావు కదా అవి?"

"ఉన్నాయి సార్."

లేవు. చదువుకుని వచ్చినవాడైతే కాపీ తీసుకుని దాని మీద కోసేవాడు. నేను అసలైనదాని మీదే కోశాను. ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా. మూడు చోట్ల వందేళ్ళకి సరిపడా భద్రంగా ఉన్నది ఊపిరి లేని పాట.

మౌనంలో ఉన్నవాడు మాట్లాడకూడదు గానీ ఊపిరి పీల్చొచ్చు కదా, మైకు పట్టుకెళ్ళి ఎదురుగా పెడితే ఎలా ఉంటుందా అని కాసేపు ఆలోచించాను. కానీ ఎందుకో చెప్పాలి. చెబితే కవర్ సంగతి అటుంచి, గేటు దాకా కూడా రానివ్వరు.

మార్చి 21

చచ్చాను.

మార్చి 22

ఓనరు భోజనానికి వెళ్ళొచ్చే గంటన్నరలో పని మొదలుపెట్టాను. మైకు ముందు నేనే కూర్చున్నాను.

ఊపిరి పీల్చడం ఇంత కష్టమని తెలీదు. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని, పీల్చు అంటే రాదు. మొదటి ఇరవై, నీళ్ళలోంచి తేలినవాడు ఎగపీల్చినట్టు వచ్చాయి. తీసేశాను. తర్వాత తెలిసింది కిటుకు. హెడ్‌ఫోన్లలో పాట పెట్టుకుని లోపల ఆయనతోపాటు పాడాలి. పైకి కాదు, లోపలే. అప్పుడు లైను చివరికి నాకే గాలి అయిపోతుంది, నాకే కావలసి వస్తుంది. అలా వచ్చిందే సరిగ్గా అతుకుతుంది.

అంటే ఆ పదకొండు పాటలూ నేను పాడాను. మళ్ళీ మళ్ళీ. ఐదో పాటలో ఒక లైను ఉంది. ఇల్లు ఖాళీ చేసేవాడు గోడకి కొట్టిన మేకు కూడా తీసుకెళ్ళాలని చూస్తాడని. బుడగ రాశాడంటే నమ్మను. ఎక్కడో కొట్టేసి ఉంటాడు. ఆ లైను దగ్గర మాత్రం పద్దెనిమిదిసార్లు చేయాల్సి వచ్చింది. గొంతు పట్టేసింది. ఏసీ వల్ల.

ఇవాళ ఎనభై అయ్యాయి.

మార్చి 24

రెండు వందల పద్నాలుగూ అయ్యాయి. పదకొండో పాట ముందుది మాత్రం ఒక పట్టాన కుదరలేదు. అది పెద్ద ఊపిరి, మనిషి అన్నీ వదిలేసినట్టు రావాలి. వదిలేయడం గురించి ఆలోచిస్తే వైర్ల అబ్బాయి గుర్తొచ్చాడు. గట్టిగా లోపలికి పీల్చి, ముక్కులోంచి ఒక్క బుస వదిలాను. తర్వాత ఎన్నిసార్లు చేసినా అంత బాగా రాలేదు. అదే ఉంచేశాను.

ఓనరు విన్నాడు. గుండీ తీయలేదు. "ఇప్పుడు మనిషి పాడుతున్నట్టుంది," అన్నాడు.

మార్చి 25

తాత వచ్చాడు, మర్చిపోయిన కళ్ళద్దాల కోసం. వినిపించమన్నాడు. మొదటి పాట అయ్యేదాకా కదలకుండా విన్నాడు.

"ఎవరిది?"

"ఏది తాతా?"

"వాడు ముక్కుతో పీలుస్తాడు. ముప్పై ఏళ్ళుగా వాడి ఊపిరి చూసుకునే తీగ మీటుతున్నాను. ఇది నోటితో పీల్చింది. అదీ, ఎవరినో కొట్టబోయేవాడు పీల్చినట్టుంది."

చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దని చెయ్యి పట్టుకున్నాను.

"నన్నెవరు అడుగుతారు రా చెప్పడానికి?"

"నీ పేరు ఎప్పుడైనా కవర్ మీద వేశారా తాతా?"

"ఒకసారి వేశారు. వేరే ఎవడి ఫొటో కిందో." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మంచి ఫొటో. ఇంట్లో పెట్టుకున్నాను."

మార్చి 26

తాతలా అయిపోకూడదు. ముప్పై ఏళ్ళకి ఎవడి ఫొటోనో గోడకి తగిలించుకునే రకం కాదు నేను.

అక్క సినిమాకి పోయినా నిద్రపోతుంది. ఆల్బం ఆవిష్కరణకి వస్తానంది. కవర్ తన షాపులో అద్దం పక్కన పెడతానని తనే అంది. నేను అడగలేదు.

మార్చి 29

కవర్ వచ్చింది.

ముందు బుడగ మొహం. వెనక బుడగ మొహం, పక్క నుంచి. లోపల ఏ పేరూ లేదు. నాది లేదు, తాతది లేదు, ఓనరుదీ లేదు.

బుడగ మౌనం ముగించుకుని వచ్చాడు. ఊపిర్లు వెనక్కి వచ్చాయని ఓనరు నెమ్మదిగా చెప్పాడు. ఆయన విని, "నేనే కదా ఉంచమన్నాను," అన్నాడు. పేర్ల సంగతి కూడా ఓనరే అడిగాడు, అదొక్కటీ ఒప్పుకోవాలి.

"పేర్లు పోయేవే కదా నాయనా," అన్నాడు బుడగ. "ఈ ఆల్బంలో ఎవరి పేరూ ఉండదు. నా పేరు కూడా వద్దన్నాను."

"మీ ఫొటో ఉంది కదండీ," అన్నాను.

"అది రూపం," అన్నాడు.

ఓనరు నా కాలు తొక్కాడు.

అక్కకి ఇంకా చెప్పలేదు.

మార్చి 30

ఎల్లుండి పాటలు బయటికి పంపాలి. నా ఊపిర్లు నేను తీసుకుంటాను. వాళ్ళది వాళ్ళకి, నాది నాకు. ఆత్మ పాడుతుందిగా, పాడుకోనీ.

పొద్దున తొమ్మిదికే వచ్చి కూర్చున్నాను. ఈసారి కాపీ తీసుకుని. పదకొండు పాటల్లోనూ నావన్నీ వినపడకుండా మూసేశాను. రెండు నిమిషాల పని. వేసి విన్నాను.

ఐదో పాట వచ్చింది. ఇల్లు ఖాళీ చేసేవాడి లైను. దాని ముందు ఏమీ లేదు. గుండె లేని మనిషి వచ్చి గబగబా చెప్పేసి పోయినట్టుంది.

మళ్ళీ తెరిచాను అన్నీ. ఉద్యోగం పోతుందని తెరిచాను. వేరే కారణమేమీ లేదు.

పదకొండో పాట ముందు బుస శబ్దాన్ని మాత్రం రెండు గీతలు పెంచాను. ఎవరికీ తెలియదు. రెండే.

ఏప్రిల్ 3

పాటలు బయటికి వచ్చాయి. రెండు పత్రికల్లో రాశారు. ఒకాయన రాసింది ఇక్కడ దింపుకుంటున్నాను, మర్చిపోకుండా: 'గాయకుడి గొంతు కన్నా ఆయన శ్వాస గొప్పది. ముఖ్యంగా చివరి తత్వం ముందు వినిపించే నిట్టూర్పులో సమస్త వైరాగ్యమూ ఉంది. ఇంత ప్రశాంతమైన శ్వాస ఒక జీవితకాలపు సాధన వల్లనే సాధ్యం.'

నాకు ఇరవై మూడేళ్ళు. సాధన మూడు రోజులు, రోజుకి గంటన్నర, ఓనరు భోజనం చేసి వచ్చేలోపు.

బుడగని ఇంకో పత్రికవాళ్ళు ఆ నిట్టూర్పు గురించే అడిగారు. "అది నేను చేసింది కాదు," అన్నాడట. దొరికిపోయాననుకున్నాను. తర్వాతి లైను: "అది నా ద్వారా జరిగింది."

ఏప్రిల్ 4

నాకు పేరు అక్కర్లేదు.

పేరు అక్కర్లేదని రాసినవాడు ఆ పత్రిక ముక్క కత్తిరించి ఈ పుస్తకంలో ఎందుకు పెట్టుకున్నాడో నాకూ తెలీదు.

ఏప్రిల్ 6

ఇవాళ సాయంత్రం ఆవిష్కరణ. పెద్ద హాలు, నిండిపోయింది. మధ్యాహ్నం ఓనరు వచ్చి చెవిలో చెప్పాడు. గురువుగారి గొంతు బాగాలేదు, పాట మనం వేద్దాం, ఆయన పెదాలు కదుపుతాడు. మీట నొక్కేది నేను. హాలు వెనకాల బల్ల దగ్గర కూర్చున్నాను. అక్క నా పక్కన స్టూలు వేసుకుంది. కవర్ మీద పేరు లేదని దారిలోనే చెప్పాను. "ఊఁ," అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మొదటి పాట వేశాను. బుడగ తెల్ల బట్టల్లో మైకు ముందు, పక్కన తాత. నాకు రెండో లైనులో తెలిసింది. బుడగ నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. జీవితమంతా ముక్కుతో పీల్చినవాడు. నేను ఎక్కడ పీల్చానో అక్కడ ఆయన నోరు తెరుచుకుంటోంది. నేను ఎక్కడ తడబడ్డానో అక్కడ ఆయన భుజం తడబడుతోంది. వారం రోజులు అద్దం ముందు కూర్చుని సాధన చేశాడట. తాత తర్వాత చెప్పాడు.

ఐదో పాటలో ఇల్లు ఖాళీ చేసేవాడి లైను ముందు ఆయన గొంతు పట్టేసినవాడిలా ఆగాడు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. ఆయన కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. అవి సాధనలోవో కావో నాకు తెలీదు.

అక్క అప్పటికే నా మొహం, స్టేజీ మార్చి మార్చి చూస్తోంది.

పదకొండో పాట. హాలంతా నిశ్శబ్దం. బుడగ కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ నిండా పీల్చాడు. భుజాలు పైకి లేచాయి. ముక్కుపుటాలు అదిరాయి. స్పీకర్లలోంచి, రెండు గీతలు పెంచిన బుస, హాలు నాలుగు మూలలకీ వెళ్ళింది.

అందరూ చేతులు జోడించారు. ఏడెనిమిది వందల మంది.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "ఒరేయ్," అంది. "బుసగాడా. ఇది నువ్వు కదూ."

"ఊరుకో."

"బడి మానేస్తానని గోడకి తిరిగి పడుకున్నావు చూడు, ఆ రోజుది ఇది. అచ్చం అదే."

"ఊరుకో అక్కా, పాట నడుస్తోంది."

చున్నీ నోట్లో కుక్కుకుంది. పాట అయ్యేదాకా భుజాలు ఊగుతూనే ఉన్నాయి. పక్కన కూర్చున్నాయన భక్తి అనుకుని మంచినీళ్ళిచ్చాడు. స్టేజీ మీద తాత తీగ మీటుతూ హాలు చివరికి, మా బల్ల వైపు చూశాడు. అంత దూరం నుంచి కన్ను కొట్టాడో లేదో చెప్పలేను. కొట్టే ఉంటాడు.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగింది. "ఎన్ని?"

"రెండు వందల పద్నాలుగు."

వీధి మలుపు దాకా వచ్చాక, "అన్నీ కోపంతోనే పీల్చావా?" అంది.

"అన్నీ కాదు," అన్నాను.

ఏప్రిల్ 9

ఓనరు పిలిచాడు. రెండో భాగం కావాలట. పేరు 'అంతా మాయ'. పన్నెండు పాటలు. బుడగ ఒక్కటే షరతు పెట్టాడట, ఊపిరి పోయినసారిలాగే ఉండాలని. "ఆ వైర్ల అబ్బాయినే చేయమనండి, వాడికి నా ఊపిరి అలవాటైంది" అన్నాడట.

కవర్ మీద పేరు వేస్తేనే చేస్తానన్నాను. ఆలోచిస్తానన్నాడు ఓనరు. నేనూ ఆలోచిస్తానన్నాను. ఈ మాట ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు.

ఏప్రిల్ 10

సెలవు. తెర వెనక పడుకుని ఉన్నాను. షాపులో అక్క ఒకావిడకి కొలతలు తీస్తోంది. ఆవిడ ఆ ఆల్బం గురించే మాట్లాడుతోంది. రోజూ పొద్దున్నే వింటుందట. అది వినకపోతే రోజు గడవదట. "చివరి పాట ముందు ఒక నిట్టూర్పు విడుస్తాడండీ మహానుభావుడు. నా బాధలన్నీ అందులో పోతాయి."

"చెయ్యెత్తండి," అంది అక్క. "చెయ్యి పదిహేడున్నర."

"మీ తమ్ముడు అక్కడేదో స్టూడియోలో చేస్తాడట కదా. ఏం పని?"

వైర్లు చుడతాడు అంటుందని ఎదురుచూశాను. అక్క కొలత రాసుకుంది. పెన్సిలు గీరిన చప్పుడు వినపడింది.

"ఊపిరి పీలుస్తాడండీ," అంది. "పెద్ద పెద్దవాళ్ళ తరఫున."

ఇక ఊరంతా చెప్పుకుంటుంది. ఒళ్ళు మండిపోయింది. దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాను.

అవతల ఆవిడ మాట ఆగింది. "అదిగో, అదే. చివరి పాటే కదూ. పెట్టారా ఇప్పుడు?"

"లేదండీ," అంది అక్క. "మా వాడు నిద్ర లేచాడు."